కాంటెస్సాకి సామాను కావాలంటే కాంటెస్సా పేరెత్తకండి

పాత కారుకి ఇంజన్ సామాను కావాల్సి వస్తే మనం చేసే మొదటి తప్పు షాపు కౌంటర్ దగ్గర కారు పేరు చెప్పడం. "కాంటెస్సాకి హెడ్ గ్యాస్కెట్ ఉందా?" అని అడిగి చూడండి. (ఇంజన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య బిగించే పల్చటి కంతల పలక అది.) కుర్రాడైతే అరల వైపు తలైనా తిప్పడు, "ఆ బండి ఎప్పుడో ఆగిపోయింది సార్" అనేస్తాడు. కాస్త పెద్దాయనైతే "ఇంకా తిప్పుతున్నారేటండీ!" అని నవ్వి, ఉన్న మాలుకి రెట్టింపు రేటు చెబుతాడు. అదే షాపులో, అదే అరలో, మీక్కావాల్సింది ఇంకో పేరుతో దుమ్ము పట్టి ఉండొచ్చు. మీరు ఆ పేరు అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

మా ఇంట్లో ఉన్నది తెల్ల కాంటెస్సా, ఏపీ 35 నంబరు. నాన్న కొన్న బండి. అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు సినిమాల్లో తప్ప కనపడని రోజుల్లో, పొడుగాటి బోనెట్, ఐదు గేర్లు, 88 హార్స్‌పవర్ అంటే మా విజయనగరం కుర్రాళ్లకి అదే స్పోర్ట్స్ కారు. 2002లో దాని తయారీ ఆగింది. తయారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు అడగడానికి షోరూమూ లేదు, స్పేర్ల డిపో కూడా లేదు. అయినా మా బండి నెలకోసారి శ్రీకాకుళం వెళ్లి వస్తోంది. అదెలాగో చెబుతాను. మీది వేరే పాత కారైనా పద్ధతి ఇంచుమించు ఇదే.

ముందు ఆర్‌సీ బయటికి తీయండి

కాంటెస్సా ఒకటే, ఇంజన్లు మాత్రం మూడు రకాలు. ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీ ఎంత రాసుందో చూడండి. 1489 ఉంటే అది 1984లో మొదలైన తొలి కాంటెస్సాల్లోని, బ్రిటన్ కంపెనీ బీఎంసీ వారి పెట్రోల్ ఇంజన్. 1817 ఉంటే జపాన్ కంపెనీ ఇసుజు వారి పెట్రోల్, దాని కోడ్ 4జెడ్‌బీ1. మాది ఇదే. 1995 ఉంటే ఇసుజు డీజిల్. (అది సంవత్సరం అనుకుని తికమక పడినవాళ్లున్నారు. అది సీసీ.)

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ మూడు ఇంజన్లూ అంబాసిడర్‌లో కూడా వచ్చాయి. 1489 బీఎంసీ ఇంజన్ అంబాసిడర్‌కి తరతరాల ఇంజన్. 1817 ఇసుజు పెట్రోల్ 'అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్'లో వచ్చింది. డీజిల్ 'అంబాసిడర్ 2000 డీఎస్‌జెడ్'లో వచ్చింది. అంటే మీరు వెతకాల్సింది కొద్ది మంది కొన్న కాంటెస్సా సామాను కాదు, కలెక్టరాఫీసు నుంచి పెళ్లి ట్యాక్సీ దాకా ఊరంతా తిరిగిన అంబాసిడర్ సామాను. షాపులో "అంబాసిడర్ ఇసుజు పెట్రోల్, పద్దెనిమిది వందలది" అని అడగండి. మాట మారేసరికి కౌంటర్లో మొహం కూడా మారుతుంది.

ఒక్క జాగ్రత్త. ఇసుజు పెట్రోల్‌ని అంబాసిడర్‌లో కొంచెం పవర్ తగ్గించి పెట్టారు. కాబట్టి లోపలి సామానుకి అంబాసిడర్‌ని నమ్మొచ్చు గానీ, కార్బరేటర్, సైలెన్సర్ పైపుల దగ్గర కళ్లు మూసుకుని కొనకండి. పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే.

ఆర్‌సీ చూశాక బోనెట్ ఎత్తండి. పాత బండ్లలో ఇంజన్ మారిపోయి ఉండటం మామూలే. బ్లాకు మీద నంబరు కొట్టిన చోట కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వైర్ బ్రష్‌తో రుద్ది, సుద్దముక్క రాయండి. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా తేలతాయి. ఫోటో తీసుకుని ఆర్‌సీతో సరిచూడండి. రెండూ కలవకపోతే సామాను సంగతి తర్వాత, ముందు ఆర్టీఓ ఆఫీసు పని చూసుకోండి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆ నంబరే అడుగుతారు. రేపు మీరే సెకండ్ హ్యాండ్ ఇంజన్ మొత్తంగా కొన్నా ఇదే మాట. ఇంజన్ నంబరు రాసిన బిల్లు లేకుండా కొనొద్దు, ఎంత చవగ్గా వచ్చినా సరే.

పాత ముక్క పారేయొద్దు

విరిగినా, కాలిపోయినా, ముక్కలైనా, పాత పార్టు మీ దగ్గరే ఉంచండి. అదే మీ కొలబద్ద. మా మేస్త్రి ఈ మాట కొంచెం కటువుగానే చెబుతాడు: "పేరు సెప్పకు బాబూ, సైజు సెప్పు. పేరు షాపోడికి, సైజు ఇంజన్‌కి."

వ్యాసాలు, మందాలు కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి. డిజిటల్‌ది అయినా చాలు. ఆ తర్వాత మీక్కావాల్సిన పార్టులన్నీ నేల మీద గోనె పరిచి మూడు కుప్పలుగా వేయండి.

మొదటి కుప్పలోకి ఏ కారుకీ చెందనివి వస్తాయి. ఆయిల్ సీళ్లు, బాల్ బేరింగులు, బెల్టులు, హోస్ పైపులు, బోల్టులు. వీటికి కారు పేరే అక్కర్లేదు. ఆయిల్ సీల్ అంచు మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 35, 50, 8 అని ఉందనుకోండి, అది ట్రాక్టర్‌కి వచ్చిందైనా, నీళ్ల మోటారుకి వచ్చిందైనా కొలత ఒకటే. అంకెలు చెరిగిపోతే షాఫ్టునీ, సీల్ కూర్చునే గాడినీ కొలవండి. వాడేసిన సీల్‌ని కొలవకండి, రబ్బరు సాగిపోయి ఉంటుంది. క్రాంక్ దగ్గరలాగా వేడి ఎక్కువ ఉండే చోటికి మామూలు నైట్రైల్ రబ్బరు బదులు వేడికి తట్టుకునే విటాన్ రబ్బరు సీల్ అడగండి. సీల్ మీద బాణం గుర్తుంటే షాఫ్టు తిరిగే దిశ కూడా చూసుకోవాలి. బేరింగులదీ ఇదే కథ. ఆల్టర్నేటర్ బేరింగ్ మీద 6203 అని ఉంటే అది లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. నీళ్ల మోటార్లు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది.

మంచి బేరింగ్, సీళ్ల షాపు ఒకటి తెలిసుంటే మీ లిస్టులో సగం ఒక్క పూటలో అయిపోతుంది. మొదట నేను ఈ సగం కోసం కూడా కలకత్తా ఫోన్లు చేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

రెండో కుప్పలో ఆ ఇంజన్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి: హెడ్ గ్యాస్కెట్, పిస్టన్లు, రింగులు, వాల్వులు, బేరింగ్ షెల్స్, టైమింగ్ సెట్టు. నిజమైన వేట వీటి కోసమే. మూడో కుప్ప, కొనడం కంటే బాగుచేయించుకోవడం మేలైనవి: వాటర్ పంపు, రేడియేటర్, ఇంజన్ మౌంటింగులు, డిస్ట్రిబ్యూటర్, కార్బరేటర్.

ఈ పని చేయకుండా షాపులకి తిరిగితే జేబు ఖాళీ, చెయ్యి ఖాళీ.

ఎవర్ని, ఏ వరసలో అడగాలి

ఇంటి దగ్గర నుంచి మొదలుపెట్టండి. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కొత్తగా అద్దాలు పెట్టి కట్టిన స్పేర్ల షాపులు కాదు, తండ్రి తర్వాత కొడుకు కూర్చున్న పాత షాపులు వెతకండి. అంబాసిడర్లు తిరిగిన రోజుల్లో తెచ్చి అమ్ముడుపోని సరుకు పై అరలో ఉండిపోయి ఉంటుంది. ఉదయం పది గంటల రద్దీలో వెళ్లొద్దు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, టీ తాగుతూ, "పైన ఓసారి నిచ్చెనేసి చూడనిస్తారా?" అని అడగండి. నాకు డిస్ట్రిబ్యూటర్ మూత అలాగే దొరికింది. అట్ట పెట్టె మీద ధర పైసల్తో సహా ముద్రించి ఉంది. ఆయన ఆ పాత ధరకే ఇవ్వబోతే నేనే ఎక్కువిచ్చాను. ఇలాంటి షాపుతో స్నేహం కారు ఉన్నంత కాలం పనికొస్తుంది, అక్కడ గీచిగీచి బేరం ఆడకండి.

ఇలా దొరికిన పాత స్టాకుని చూసి మరీ మురిసిపోకండి. ఇనుము పాతదైనా పరవాలేదు, రబ్బరు పాతదైతే పనికిరాదు. పెట్టె విప్పని ఆయిల్ సీల్ అయినా ఇరవై ఏళ్లు అరలో ఉంటే పెదవి గట్టిపడిపోతుంది. గోరుతో నొక్కి చూడండి, గుంట పడి మళ్లీ పైకి రాకపోతే అక్కడే వదిలేయండి. పిస్టన్ రింగులకి తుప్పు మచ్చలున్నా అంతే.

షాపుల తర్వాత షెడ్లు. ప్రభుత్వ బండ్లు, ట్యాక్సీలు చూసిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల షెడ్ల వెనకాల వేపచెట్టు కింద ఒక అంబాసిడర్ చక్రాల్లేకుండా కూర్చుని ఉంటుంది. యజమాని ఎవరో కనుక్కుని ఇంజన్ వరకు మాట్లాడుకోండి. ఇందులో ఆలస్యం పనికిరాదు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు 2023 ఏప్రిల్ 1 నుంచి నేరుగా తుక్కుకే వెళ్లాలన్న నిబంధన వచ్చింది. ఆఫీసుల ఆవరణల్లో ఏళ్ల తరబడి ఎండకి ఎండిన అంబాసిడర్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

సాలూరుని మర్చిపోవద్దు. ఇప్పుడు మన్యం జిల్లాలో ఉన్నా, లారీల ఊరుగా దాని పేరు పోలేదు. లారీలున్న చోట బోరింగ్ షాపులు, లేత్ మిషన్లు, చేయి తిరిగిన టర్నర్లు ఉంటారు. కారు సామాను అక్కడ దొరక్కపోవచ్చు, చేసి పెట్టేవాళ్లు దొరుకుతారు.

ఇక్కడ పని కాకపోతే గాజువాక ఆటోనగర్, ఆ తర్వాత విజయవాడ జవహర్ ఆటోనగర్. ఆ పైన మనకి ఒక సౌకర్యం ఉంది, మనం హౌరా-చెన్నై మెయిన్ లైను మీద ఉన్నాం. సాయంత్రం బండెక్కితే తెల్లారేసరికి అటు కలకత్తా. అక్కడ మల్లిక్ బజార్ పాత మోటారు సామానుకి పేరున్న చోటు. ఇటువైపు చెన్నైలో పుదుపేట. కలకత్తా అనగానే పసుపు ట్యాక్సీలు గుర్తొచ్చి అంతా అంబాసిడరే కదా అనుకుంటాం. నిజమే గానీ ఆ ట్యాక్సీలు ఎక్కువగా డీజిల్. అక్కడ "అంబాసిడర్" అని మాత్రం అంటే మీ చేతికి డీజిల్ సామాను వస్తుంది. "ఇసుజు, పెట్రోల్, 1817" అని మూడు మాటలూ కలిపి చెప్పాలి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకసారి దెబ్బతిన్నాను.

గ్యాస్కెట్ కథ

విశాఖ నుంచి వస్తుంటే తగరపువలస దాటాక టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయింది. బండి పక్కకి తీసి చూస్తే రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాల టీ రంగు. హెడ్ గ్యాస్కెట్ పోయిందని అర్థమైపోయింది. లారీకి కట్టి ఇంటికి తెచ్చాం.

ఊళ్లో దొరకలేదు. వెయ్యి కిలోమీటర్ల అవతల ఒక షాపు నంబరు ఎవరో ఇచ్చారు. ఫోన్ చేశాను. మేస్త్రి చెప్పినట్టే సైజు చెప్పాను, "ఇసుజు, బోరు 84 మిల్లీమీటర్లు" అని. బోరంటే సిలిండర్ లోపలి వ్యాసం. ఆయన "ఉంది, పంపిస్తా" అన్నాడు. డబ్బు వేసేశాను. వారం తర్వాత పార్సిల్ వచ్చింది. విప్పితే గ్యాస్కెట్ రెండు మడతలు పెట్టి, న్యూస్ పేపర్‌లో చుట్టి ఉంది. హెడ్ గ్యాస్కెట్ ఒకసారి మడత పడితే అక్కడ పగులే, ఇక అది గోడకి తగిలించుకోవడానికే. గొడవపడితే ఇంకొకటి పంపాడు, ఈసారి రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి, చక్కగానే.

మేస్త్రి దాన్ని వెంటనే బిగించలేదు. పాత గ్యాస్కెట్ తీసి కొత్తదాని మీద పెట్టి, రెండూ కలిపి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు పెద్ద గుండ్రాలూ సరిగ్గా కలిశాయి. వాటి చుట్టూ ఉన్న నీళ్ల కంతల్లోంచి మాత్రం వెలుతురు రావాల్సిన చోట రాలేదు, రాకూడని చోట వచ్చింది. బోల్టు కంతలు కూడా పక్కకి జరిగి ఉన్నాయి. "ఇది డీజిల్‌ది బాబూ" అని కింద పెట్టేశాడు.

తర్వాత కాగితం మీద లెక్క వేసుకుంటే నా తప్పేంటో తెలిసింది. పెట్రోల్ ఇంజన్ బోరు 84, స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 82. డీజిల్ ఇంజన్ బోరు కూడా 84, స్ట్రోకు 90. రెండూ ఇసుజువే. నేను చెప్పిన కొలత రెండింటికీ సరిపోతుంది. షాపాయన్ని తిట్టుకున్నాను గానీ మొదటి మడతకి తప్ప రెండోదానికి ఆయన బాధ్యుడు కాదు.

అందుకని ఒక్క కొలత ఎప్పుడూ పంపకండి. పాత గ్యాస్కెట్‌ని తెల్ల కాగితం మీద పరిచి, పక్కన స్టీలు స్కేలు పెట్టి, సరిగ్గా నెత్తి మీద నుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. వాళ్ల దగ్గరున్నదానికీ అలాగే స్కేలు పెట్టి ఫోటో తీయమనండి. ఇంకో సంగతి, కొత్త గ్యాస్కెట్‌ని ఇంజన్ హెడ్‌తో కాదు, పాత గ్యాస్కెట్‌తోనే పోల్చాలి. హెడ్‌లో ఉన్న నీళ్ల దారులన్నింటికీ గ్యాస్కెట్‌లో కంత ఉండదు. నీళ్లు ఎటు ఎంత పోవాలో గ్యాస్కెట్టే కంతలు చిన్నవి పెద్దవి చేసి నడిపిస్తుంది. "కంపెనీ మర్చిపోయిందిలే" అని పంచ్‌తో కొత్త కంత కొట్టేవాళ్లున్నారు, వాళ్ల చేతికి మీ ఇంజన్ ఇవ్వకండి.

గ్యాస్కెట్ కోసం ఎదురుచూసే రోజుల్లో హెడ్ పని చూసుకోండి. అల్యూమినియం హెడ్ వేడెక్కితే వంగుతుంది. స్టీలు పట్టీ నిలువుగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూస్తే ఎక్కడ వంగిందో తెలుస్తుంది. వంగితే ఫేస్ కొట్టించాలి (మిషన్ మీద ముఖం చదును చేయించాలి), అదీ ఎంత తక్కువ తీస్తే సరిపోతుందో అంతే. ఇలా కొట్టించిన ప్రతిసారీ ఎంత తీశారో రాసిపెట్టుకోండి. హెడ్ కూడా దొరకని సామానే.

పిస్టన్లు ముందు, బోరు తర్వాత

ఇంజన్ పొగ కక్కుతోందని విప్పేసి, అరిగిన సిలిండర్లు కాస్త పెద్దవి చేయడానికి బ్లాకు బోరింగ్ షాపులో ఇచ్చేసి, తర్వాత తీరిగ్గా పిస్టన్ల కోసం వెతికేవాళ్లు ఎక్కువ. కొత్త కార్లకి అలా చెల్లుతుంది. పాతవాటికి వరస తిరగేయాలి. పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుల్లో వస్తాయి గానీ మీకు దొరికేది ఏదో ముందే తెలీదు. 0.50కి బోరు కొట్టించేశాక ఊరూరా తిరిగితే 0.25 సెట్టు దొరికిందనుకోండి, ఏడవాలో నవ్వాలో తెలీదు.

ముందు ఇంజన్ విప్పి, ఇప్పుడున్న పిస్టన్ నెత్తి మీద ఏం కొట్టి ఉందో చూడండి. ఎస్‌టీడీ అంటే స్టాండర్డ్, మామూలుగా ఇంతవరకు బోరు కొట్టలేదని. 50 అని ఉంటే కనీసం ఒకసారి అయిపోయింది. బేరింగ్ షెల్స్ వీపు మీద కూడా ఇలాగే ఉంటుంది. బోరింగ్ షాపులో సిలిండర్లు కొలిపించి, కనీసం ఏ సైజుకి పోవాలో కనుక్కోండి. ఆ సైజు, దాని పై సైజు, రెండింటికీ వెతకండి. నాలుగు పిస్టన్లూ పిన్నులూ రింగులూ చేతికొచ్చాకే, వాటిని కొలిచి, వాటికి తగ్గట్టు బోరు కొట్టించండి. సైజులు అయిపోయిన బ్లాకైతే స్లీవ్ (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయించి మళ్లీ స్టాండర్డ్‌కి రావచ్చు.

"వేరే కారు పిస్టన్ పెట్టేద్దాం, వ్యాసం ఒకటే" అని ఎవరైనా అంటే మూడు అడగండి: పిన్ను వ్యాసం ఎంత, పిన్ను మధ్య నుంచి పిస్టన్ నెత్తికి ఎత్తెంత, నెత్తి ఆకారం ఏంటి. మూడింటికీ అంకెతో జవాబు రాకపోతే దండం పెట్టి వచ్చేయండి.

దొరకనే దొరకనివి

వాటర్ పంపు కొత్తది దొరకలేదని బెంగ వద్దు. పంపు శరీరం పోదు, లోపల సీలూ బేరింగూ పోతాయి. లేత్ దగ్గర ప్రెస్సు మీద షాఫ్టు బయటికి తోసి కొత్తవి వేస్తారు. తోయకముందు ఒక్క పని మీరు చేయండి. పంపు ముఖం నుంచి పుల్లీ బిగించే అంచు ఎంత ఎత్తులో ఉందో, ఇంపెల్లర్ ఎంత లోపల ఉందో వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ కొలత తప్పితే బెల్టు వంకరగా తిరుగుతుంది, లేదా ఇంపెల్లర్ గోడకి గీసుకుంటుంది. ఈ కొలత అడగకుండా సుత్తి తీసుకునే టర్నర్ దగ్గర నుంచి పంపు వెనక్కి తీసుకోండి. మన నెల్లిమర్ల లాంటి చోట్ల జూట్ మిల్లుల్లో పని నేర్చిన పాత టర్నర్లు దొరికితే అదృష్టం. వాళ్లకి బొమ్మ గీసి అంకెలు రాసిస్తే చాలు, మాటలక్కర్లేదు.

వాల్వ్ గైడ్లు కూడా లేత్ మీద చేయించుకోవచ్చు. మౌంటింగులకి పాత ఇనప పట్టీలు ఇస్తే రబ్బరు కొత్తగా పోసి ఇచ్చేవాళ్లున్నారు.

1489 ఇంజన్ వాళ్లకి ఒక మాట. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ ఇంజన్ సీసం పెట్రోల్ కాలంది, సీసం లేకపోతే దాని వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి. హెడ్ ఎలాగూ విప్పినప్పుడు గట్టి వాల్వ్ సీట్లు వేయించేసుకోండి. ఇక పెట్రోల్ ఇంజన్ ఏదైనా, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, కార్బరేటర్ డయాఫ్రమ్‌లు దానికి మెత్తబడి ఉబ్బుతాయి. అరలో దొరికిన పాత కార్బరేటర్ కిట్‌కి డబ్బులు పోయొద్దు. పెట్రోల్ పైపులు మాత్రం ఇథనాల్ తట్టుకునేవే అడిగి మార్చండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారడం మీద జోకులొద్దు.

విదేశం నుంచి తెప్పించాలంటే

ఇది ఆఖరి మెట్టు. 1489 బీఎంసీ ఇంజన్ ఉన్నవాళ్లకి మాత్రం చాలా మంచి మెట్టు. బ్రిటన్‌లో 1950ల నాటి ఎంజీఏ 1500 స్పోర్ట్స్ కారులో ఉన్నది ఈ కుటుంబం ఇంజనే. అక్కడ ఆ కార్ల మీద మోజు తగ్గలేదు కాబట్టి సామాను ఇప్పటికీ కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు. అంబాసిడర్ అంటే వాళ్లకి తెలీదు, "బీ సిరీస్, 1489" అంటే తెలుస్తుంది.

ఇసుజు పెట్రోల్ వాళ్లు మాత్రం నిదానించాలి. ఇసుజువాళ్లదే జీ180 అని ఇంకో 1817 సీసీ ఇంజన్ ఉంది, అమెరికాలో షెవర్లే లవ్ అనే చిన్న ట్రక్కులో వచ్చింది. ఇంటర్నెట్‌లో "ఇసుజు 1.8" అని వెతికితే దాని సామాను కుప్పలుగా కనిపిస్తుంది. సీసీ కలిసిందని పార్టు కలుస్తుందనుకోకండి, నా డీజిల్ గ్యాస్కెట్ గుర్తు తెచ్చుకోండి. ఇసుజు పార్టు నంబరు పది అంకెలు, మధ్యలో గీతలతో ఒకటి-ఐదు-మూడు-ఒకటిగా విడదీసి ఉంటుంది. పాత పార్టు మీదో, పాత పెట్టె మీదో ఆ నంబరు దొరికితే దాంతోనే వెతకండి. నంబరు లేకపోతే కొలతల ఫోటో పంపి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. పోస్టు ఖర్చు, కస్టమ్స్ పన్ను కలిపితే చిన్న పార్టుకి అసలు ధర కంటే కొసరే ఎక్కువవుతుంది, కాబట్టి నలుగురు ఓనర్లు కలిసి ఒకేసారి తెప్పించుకోండి. ధర తక్కువ రాయించి పన్ను తప్పించుకోవాలని చూడొద్దు, పార్సిల్ ఆగిపోతే మీ బండే ఆగిపోతుంది.

కాంటెస్సా కాకుండా వేరే బండి ఉన్నవాళ్లూ ఇదే దారిన పోవచ్చు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంటే దాని చుట్టం బ్రిటన్ ట్రయంఫ్ హెరాల్డ్, ఇంజన్ వరకు స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా దగ్గర బంధువే. గోవాలో చేసిన శాన్ స్టార్మ్ ఉంటే దాంట్లోది రెనో 1149 సీసీ డీ7ఎఫ్ ఇంజన్, ఐరోపాలో ట్వింగో, క్లియో కార్లలో వచ్చింది. "రెనోదే కదా" అని ఇక్కడి లోగాన్ సామాను కొనకండి, అది వేరే ఇంజన్.

పార్సిల్ చెప్పేటప్పుడు

గ్యాస్కెట్ ప్లైవుడ్ మధ్య. క్యామ్‌షాఫ్ట్, క్రాంక్‌షాఫ్ట్ చెక్క పెట్టెలో, ఆయిల్ పూసి. హెడ్ అయితే ముఖం మీద చెక్క బిగించి. "ఇవన్నీ ఎవడు చేస్తాడు" అంటే ప్యాకింగ్ ఖర్చు విడిగా ఇస్తానని చెప్పండి, చేస్తారు. పార్సిల్ వచ్చాక విప్పేటప్పుడు వీడియో తీయండి. సెకండ్ హ్యాండ్ క్రాంక్ వస్తే తాడు కట్టి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గుడి గంటలా మోగితే మంచిది, డబ్బాలా పలికితే ఎక్కడో పగులుంది. మంచిగా మోగినా బోరింగ్ షాపులో కొలిపించాకే నమ్మండి. క్యామ్ అయితే వాల్వుల్ని తోసే గుడ్డు ఆకారపు ఉబ్బుల్ని మైక్రోమీటర్‌తో కొలిచి, ఇన్‌టేక్‌వన్నీ ఒక ఎత్తులో, ఎగ్జాస్ట్‌వన్నీ ఒక ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి.

మాకు సరైన గ్యాస్కెట్ చివరికి దొరికింది కలకత్తాలో కాదు, చెన్నైలోనూ కాదు. శ్రీకాకుళంలో, ఒకప్పుడు ట్యాక్సీ నడిపిన ఒకాయన ఇంట్లో, మంచం కింద ట్రంకు పెట్టెలో. ఆయన అంబాసిడర్ పోయి చాలా కాలమైంది, సామాను మిగిలింది. గ్యాస్కెట్లు రెండున్నాయి, రెండూ ఇమ్మన్నాను. ఒకటి బండిలో ఉంది. ఇంకొకటి ప్లైవుడ్ మధ్య కట్టి మా బీరువా వెనక నిలబెట్టాను. మడత పడ్డ ఆ మొదటి గ్యాస్కెట్ మేస్త్రి షెడ్డులో మేకుకి వేలాడుతోంది, దాని మీద పెయింటుతో ఆయన రాసిన అక్షరాలు: "84, డీజిల్. పెట్రోల్‌ది కాదు."